బిలాస్‌పూర్ స్టేషన్‌లో ఆరు గంటలు: రవీంద్రుని ‘ఫాంకి’ కవితతో ఒక రైల్వే పట్టణపు అనుబంధం

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బిలాస్‌పూర్ పేరు చెప్పగానే రైల్వే జోన్ ప్రధాన కార్యాలయం, హైకోర్టు, బొగ్గు రవాణా గుర్తుకు వస్తాయి. బెంగాలీ పాఠకులకు మాత్రం ఆ ఊరు ముందుగా ఒక కవితలోని రైల్వే స్టేషన్. రవీంద్రనాథ్ ఠాగూర్ 1918లో వెలువరించిన ‘పలాతక’ సంపుటిలోని ‘ఫాంకి’ అనే కథాకావ్యంలో ప్రధాన ఘట్టమంతా బిలాస్‌పూర్ స్టేషన్ ప్రయాణికుల విశ్రాంతి గదిలోనే జరుగుతుంది. ఆ కవితను స్టేషన్‌లో ఫలకంగా అమర్చారు. రైలెక్కడానికి వెళ్లే నెహ్రూ నగర్ వాసులకూ, దూర ప్రయాణంలో అక్కడ దిగేవారికీ అది కంటబడుతూనే ఉంటుంది. అయితే ఆ ఫలకం చుట్టూ పట్టణంలో అల్లుకున్న కథ ఒకటి, కవితలో ఉన్న కథ మరొకటి. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం ఆసక్తికరమైనది.

రవీంద్రుడిని ‘గీతాంజలి’ కవిగా, నోబెల్ గ్రహీతగా చదివినవారికి ఆయన పిల్లల రచయిత అన్న సంగతి అంతగా తట్టదు. బెంగాలీ పిల్లలకు మాత్రం ఆయన మొదట అక్షరాలు నేర్పిన తాత. 1930లో వచ్చిన ‘సహజ్ పాఠ్’ వాచకానికి చిత్రకారుడు నందలాల్ బోస్ బొమ్మలు చెక్కారు. తరతరాల పిల్లలు ఆ పుస్తకంతోనే చదువు మొదలుపెట్టారు. ‘శిశు’, ‘శిశు భోలానాథ్’ సంపుటాలు, మంచం పట్టిన బాలుడు కిటికీ దగ్గర కూర్చుని లోకాన్ని చూసే ‘డాక్‌ఘర్’ నాటకం, వృద్ధాప్యంలో మనవరాలి కోసం అల్లిన ‘షే’ కథలు ఇవన్నీ ఆ కోవలోనివే. ‘ఫాంకి’ పిల్లల కోసం రాసినది కాదు. కానీ అది పుట్టిన దుఃఖం, ‘శిశు’ కవితలు పుట్టిన దుఃఖం ఒకే ఇంటివి. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

కవితలోని కథ

బిను అనే ఇరవై మూడేళ్ల ఇల్లాలికి జబ్బు చేస్తుంది. మందులు, వైద్యులు, సీసాలు, డబ్బాలు అన్నీ అయిపోయాక చివరికి వైద్యులు గాలి మార్పు అవసరమంటారు. ఆమె రైలెక్కడం అదే మొదటిసారి. పెళ్లయ్యాక అత్తవారి ఇల్లు విడిచి బయటికి రావడం కూడా అదే మొదలు. ఉమ్మడి కుటుంబంలో తొంగిచూపులకూ, తుంచిన మాటలకూ పరిమితమైన దాంపత్యం రైలు పెట్టెలో మొదటిసారి తీరిక చూస్తుంది. బిను పరవశించిపోతుంది. దారిలో కనిపించిన బిచ్చగాళ్లందరికీ పెట్టెలో చేతికందిన నాణేలను కాగితంలో చుట్టి కిటికీలోంచి విసురుతూ పోతుంది. తన సుఖానికి లోకమంతా వాటాదారులు కావాలన్నది ఆమె తహతహ.

బిలాస్‌పూర్‌లో రైలు మారాలి. తరువాతి బండికి ఆరు గంటల వ్యవధి. భర్తకు అది విసుగు, బినుకు అదీ పండుగే. అక్కడ విశ్రాంతి గది ఊడ్చి తుడిచే రుక్మిణి అనే స్త్రీతో ఆమెకు మాటలు కలుస్తాయి. రుక్మిణి ఝమ్రూ అనే కూలీ భార్య. ఎక్కడో ఒక నది ఒడ్డున వారికి ఏడు బిఘాల పొలం ఉండేది. కరవు వచ్చింది, జమీందారు పీడించాడు, ఆలుమగలు ఊరు విడిచి పారిపోయి వచ్చారు. ఇప్పుడు కూతురి పెళ్లి కుదిరింది. ఎంత పొదుపుగా లెక్కవేసినా నగలకు 25 రూపాయలు కావాలి. ఆ డబ్బు ఇచ్చి తీరాలని బిను భర్తను పట్టుబడుతుంది.

భర్తకు ఇది పిచ్చిగా తోస్తుంది. గది ఊడ్చేది ఏ కులమో, ఆమెకు ఇరవై అయిదు రూపాయలేమిటని మనసులో ఈసడించుకుంటాడు. తన దగ్గర ఉన్నది వంద రూపాయల నోటు, దానిని మార్చాలి అని సాకు చెప్పి రుక్మిణిని పక్కకు తీసుకుపోతాడు. ప్రయాణికులను మోసగిస్తున్నావని గద్దిస్తాడు, ఉద్యోగం ఊడగొట్టిస్తానని బెదిరిస్తాడు. ఆమె ఏడుస్తూ కాళ్ల మీద పడితే రెండు రూపాయలు చేతిలో పెట్టి వదిలించుకుంటాడు. భార్యకు మాత్రం మొత్తం ఇచ్చేశాననే చెబుతాడు.

రెండు నెలల తరువాత బిను కన్నుమూస్తుంది. పోయే ముందు ఆమె ఈ రెండు నెలల సుఖానికి భర్తకు కృతజ్ఞత చెప్పుకుంటుంది, రుక్మిణికి చేసిన ఆ దానాన్ని ప్రత్యేకంగా తలచుకుంటుంది. ఆ మాటతో భర్త జీవితాంతపు రుణగ్రస్తుడవుతాడు. ఆమె ఆనందంతో స్వీకరించిన కానుకలో ఇరవై మూడు రూపాయల అబద్ధం కలిసిపోయింది. ఆ బాకీ తీర్చడానికి తిరిగి బిలాస్‌పూర్‌లో దిగుతాడు. రుక్మిణి ఎక్కడ అని అడిగితే ఆ పేరే ఎవరికీ తెలియదు. ఝమ్రూ కూలీ భార్య అంటే అప్పుడు గుర్తుపడతారు, కానీ వాళ్లిప్పుడు ఇక్కడ లేరంటారు. స్టేషన్ పెద్దబాబు అటువంటి కబుర్లు ఎవరు పట్టించుకుంటారని కసురుకుంటాడు. టికెట్ బాబు నవ్వి, నెల కిందటే వెళ్లిపోయారని, డార్జిలింగ్‌కో ఖస్రూబాగ్‌కో అరాకాన్‌కో అని ఏవో మూడు పేర్లు చెబుతాడు. ‘ఫాంకి’ అంటే మోసం, ఎగవేత. పొరుగువారిని మోసగిస్తున్నావని ఒక పేదరాలిని గద్దించిన మనిషే అసలు మోసగాడన్నది ఆ పేరులోని సూటి.

ఈ కథలో నాటకీయమైన సంఘటన ఏదీ లేదు. రైలు ప్రమాదం లేదు, వియోగపు అరుపులు లేవు. మధ్యతరగతి మనిషి లెక్క చూసుకుని చేసిన ఒక చిన్న పిసినారితనం మరణం పక్కన నిలబడగానే ఎంత పెద్దదవుతుందో కవి గొంతు పెంచకుండా చూపాడు. పాదాల పొడవు ఎగుడుదిగుడుగా సాగే వాడుకభాషా ఛందస్సు కూడా ఎదురుగా కూర్చుని ఎవరో చెబుతున్నట్టే ఉంటుంది. ‘పలాతక’ సంపుటి మొత్తం ఇదే నడక. అందులో చాలా కవితలు ఇంటి గోడల మధ్య అణగిన ఆడవారి గాథలు.

జంక్షన్ ఎందుకు అక్కడ ఉంది

రైలు మారడానికి ఆరు గంటలు పట్టడం కవి కల్పించిన సౌకర్యం మాత్రమే కాదు, ఆనాటి రైలు మార్గాల ఏర్పాటే అటువంటిది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ, అంతకు ముందున్న నాగ్‌పూర్ ఛత్తీస్‌గఢ్ మార్గాన్ని స్వాధీనం చేసుకుని బ్రాడ్‌గేజ్‌గా మార్చి, బిలాస్‌పూర్ మీదుగా తూర్పుకు పొడిగించింది. 1891 నాటికి నాగ్‌పూర్ నుంచి అసన్‌సోల్ వరకు ప్రధాన మార్గం సిద్ధమైంది. ఉత్తరాన కట్నీ నుంచి ఉమరియా బొగ్గు గనుల వరకు ఉన్న శాఖను కూడా ఆ కాలంలోనే బిలాస్‌పూర్‌తో కలిపారు. 1900లో ఖరగ్‌పూర్ మీదుగా మార్గం పూర్తి కావడంతో హౌరా నుంచి బిలాస్‌పూర్‌కు నేరుగా ఏడు వందల పైచిలుకు కిలోమీటర్ల ప్రయాణం వీలైంది.

ఈ విధంగా బిలాస్‌పూర్ రెండు దారుల కూడలి అయింది. హౌరా నుంచి వచ్చి కట్నీ శాఖలోకి వెళ్లదలచినవారు అక్కడ దిగి మరో బండి కోసం వేచి ఉండాల్సిందే. ఆ శాఖలో అడవి కొండల మధ్య భన్వార్‌టోంక్ దాటి దాదాపు నూరు కిలోమీటర్లు వెళితే పెండ్రా రోడ్ వస్తుంది. చల్లని మిట్ట ప్రాంతం కావడంతో క్షయరోగుల శానిటోరియంకు పెండ్రా పేరుపొందింది. ఇప్పుడది 2020లో ఏర్పడిన గౌరేలా-పెండ్రా-మర్వాహీ జిల్లాలో ఉంది.

క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ 1882లో కనుగొన్నా, దానిని అణచగలిగిన మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ 1943 వరకు దొరకలేదు. ఆ మధ్యకాలమంతా వైద్యుల చేతిలో ఉన్నవి విశ్రాంతి, బలమైన ఆహారం, పొడి గాలి. అందుకే స్తోమత గల బెంగాలీ కుటుంబాలు రోగులను వెంటబెట్టుకుని పశ్చిమానికి, కొండ ఊళ్లకు రైలెక్కేవి. గాలి మార్పు అనే మాట బెంగాలీ నవలల్లోనూ కవితల్లోనూ అంత తరచుగా కనిపించడం ఇందువల్లనే.

పట్టణం చెప్పుకునే కథ

బిలాస్‌పూర్‌లో ప్రచారంలో ఉన్న కథనం ఇలా సాగుతుంది: రవీంద్రుడు జబ్బుపడిన భార్య మృణాళినీ దేవిని పెండ్రా శానిటోరియంకు తీసుకువెళుతూ ఇక్కడ ఆరు గంటలు ఆగాడు. కవితలోని బిను మృణాళినియే, భర్త రవీంద్రుడే. మరికొందరు ఇంకా ముందుకు వెళ్లి ఆమె పెండ్రాలోనే మరణించిందని కూడా అంటారు.

నమోదైన జీవిత వివరాలు ఇందుకు అనుకూలంగా లేవు. 1901 డిసెంబరులో శాంతినికేతన్‌లో బ్రహ్మచర్యాశ్రమ పాఠశాల మొదలైనప్పుడు మృణాళిని తన నగలు ఇచ్చి, పిల్లల భోజనాల భారం మోసింది. 1902లో అక్కడే ఆమె జబ్బుపడింది. చికిత్స కోసం కలకత్తాకు తరలించారు. ఆ ఏడాది నవంబరు 23న జొరాసాంకోలోని ఠాగూర్ల ఇంట్లో కన్నుమూసింది. అప్పటికి ఆమెకు 28 ఏళ్లు, అయిదుగురు బిడ్డల తల్లి. కవితలోని బినుకు 23 ఏళ్లు, పిల్లల ప్రసక్తి లేదు. పైగా బిను జీవితంలో ఎన్నడూ రైలెక్కనిది. మృణాళినీ దేవి భర్త జమీందారీ వ్యవహారాల కోసం ఉన్న షిలైదహ్‌లో సంసారం చేసింది, కలకత్తా నుంచి శాంతినికేతన్‌కు మారింది. ఇక కవితలో బిలాస్‌పూర్ పేరుంది గానీ పెండ్రా పేరు లేదు. దంపతుల గమ్యస్థానాన్ని కవి చెప్పనేలేదు. గాలి మార్పు, కట్నీ శాఖ, క్షయ శానిటోరియం అనే మూడు నిజాలను జోడించి, ఖాళీ ఉన్నచోట పట్టణం తన ఊహను నింపుకుంది.

అయితే ఈ కవితకు కవి జీవితంతో సంబంధమే లేదనడం కూడా సరికాదు. సంబంధం ఉంది, అది స్టేషన్ కథనం చెప్పేదాని కంటే విస్తారమైనది. తల్లి పోయిన కొద్ది నెలలకే రెండో కూతురు రేణుకకు క్షయ ముదిరింది. రవీంద్రుడు ఆమెను గాలి మార్పు కోసం మొదట హజారీబాగ్‌కు, అక్కడి నుంచి హిమాలయాల్లోని ఆల్మోరాకు తీసుకువెళ్లాడు. తల్లి లేని పిల్లలను దగ్గరపెట్టుకుని ఆయన ‘శిశు’ కవితల్లో చాలా భాగం రాసింది ఆ 1903లోనే, ఆల్మోరాలోనే. అమ్మతో ఆడుకునే పిల్లవాడి మాటలుగా లోకమంతా చదివిన కవితలు, మరణశయ్య మీద ఉన్న కూతురి పక్కన కూర్చున్న తండ్రి రాసినవి. రేణుక ఆ ఏడాది సెప్టెంబరులో మరణించింది. పదిహేనేళ్ల తరువాత పెద్ద కూతురు మాధురీలత కూడా క్షయతోనే 1918 మే నెలలో పోయింది. ‘ఫాంకి’ ఉన్న ‘పలాతక’ వెలువడింది ఆ సంవత్సరమే. రోగిని వెంటబెట్టుకుని రైళ్లు మారడం, విశ్రాంతి గదుల్లో గంటలు లెక్కపెట్టడం, ఆలస్యంగా మిగిలే పశ్చాత్తాపం ఆ ఇంటికి కొత్త కాదు. బినులో ఒక్క మృణాళినిని మాత్రమే చూడడం కంటే, ఈ ముగ్గురి నీడలనూ చూడడమే సాహిత్యానికీ చరిత్రకూ న్యాయం.

రుక్మిణి విషయంలోనూ చరిత్ర ఆధారం బలమైనదే. కవి ఆమె కరవును బెంగాలీ శకం పదమూడు వందల చిల్లర సంవత్సరంగా పేర్కొని, కచ్చితమైన ఏడాది చెప్పకుండా వదిలేశాడు. 1896-97లోనూ, 1899-1900లోనూ మధ్య పరగణాలను కుదిపేసిన రెండు మహా కరవులు ఆ లెక్కకు 1303, 1306 సంవత్సరాల్లో పడతాయి. పొలం పోయిన రైతులు రైలు పట్టాల పక్కకు చేరి కూలీలైన కాలమది. రవీంద్రుడు బిలాస్‌పూర్‌లో దిగాడా లేదా అన్న ప్రశ్న మీద ఇంత చర్చ జరిగి, అక్కడ నిజంగా బతికిన వేలాది రుక్మిణుల మీద జరగకపోవడం విచిత్రం.

ప్రెయిరీలో మరో రైలు ఊరు

పుస్తకంతో ముడిపడిన ఊళ్లు ప్రపంచంలో చాలా ఉన్నాయి. అమెరికాలో దక్షిణ డకోటా రాష్ట్రపు గడ్డి మైదానాల్లో డీ స్మెట్ అనే చిన్న పట్టణం ఉంది. అదీ రైలు మార్గం కోసం 1880లో పుట్టిన ఊరే. ‘లిటిల్ హౌస్’ పుస్తకాల రచయిత్రి లారా ఇంగాల్స్ వైల్డర్ తండ్రి 1879లో రైలు మార్గం వేసే శిబిరంలో లెక్కలు రాసే ఉద్యోగానికి కుటుంబంతో అక్కడికి చేరాడు. రైల్వే సర్వేయర్ల ఇంట్లో ఆ కుటుంబం చలికాలం గడిపింది. ఆ ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉంది, పాఠకులు చూడటానికి వస్తారు. అయినా లారా రాసినవి నవలలు, సంఘటనలను ఆమె మార్చింది, కుదించింది, కొన్ని వదిలేసింది. పుస్తకానికీ జీవితానికీ ఉన్న తేడాను చెప్పినంత మాత్రాన ఆ ఊరికి సందర్శకులు రావడం మానలేదు.

డీ స్మెట్‌కు ఇల్లు ఉంది, బిలాస్‌పూర్‌కు ఉన్నది కవిత. రచయిత అక్కడ నివసించాడన్న రుజువు లేకపోయినా, రచయిత తన కథకు ఆ ఊరినే ఎంచుకున్నాడన్నది అచ్చులో ఉన్న నిజం. బిలాస్‌పూర్ పేరు కూడా బిలాసా అనే బెస్త స్త్రీ పేరు మీద వచ్చిందని స్థానిక గాథ చెబుతుంది. ఆడవారి కథలను నోటి మాటగా దాచుకునే అలవాటు ఆ ఊరికి కొత్తది కాదు.

తెలుగువారి కోణం

ఈ జంక్షన్ తెలుగువారికి పరాయిది కాదు. తూర్పు తీర రైల్వే ఉత్తర భాగం, వాల్తేరు వైపు మార్గం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో కలిసిన తరువాత ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఉద్యోగాలకు, కూలి పనులకు ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ వంటి రైల్వే ఊళ్లకు కుటుంబాలు తరలాయి. 1931లో విజయనగరం-రాయపూర్ మార్గం పూర్తయ్యాక ఆ రాకపోకలు మరింత సులువయ్యాయి. బడిలో హిందీ, ఇంట్లో తెలుగు, పక్కింట్లో ఛత్తీస్‌గఢీ లేదా బెంగాలీ వింటూ పెరిగిన తరాలు బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో ఉన్నాయి. ఏడు బిఘాలు విడిచి వచ్చిన ఝమ్రూ కథలో ఆ కుటుంబాల్లోని ముత్తాతల వలసకు పోలిక కనిపించకపోదు.

గాలి మార్పు కథకు తెలుగు గడ్డ మీద ఒక వింత కొనసాగింపు కూడా ఉంది. రవీంద్రుడు 1919లో మదనపల్లె వచ్చి దివ్యజ్ఞాన కళాశాలలో బస చేశాడు. ‘జనగణమన’కు ఆంగ్లానువాదం చేసింది అక్కడే. అదే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియంలో తరువాతి కాలంలో క్షయకు చికిత్స పొందుతూ తెనాలికి చెందిన ఆలూరి వెంకట సుబ్బారావు బెంగాలీ నేర్చుకున్నాడు. చక్రపాణి పేరుతో శరత్ నవలలను తెలుగు చేసి, 1947లో నాగిరెడ్డితో కలిసి ‘చందమామ’ను ప్రారంభించింది ఆయనే. రోగపు మంచం మీద నేర్చిన భాష ఒక పిల్లల పత్రికకు దారితీయడం ‘శిశు’ పుట్టుకను గుర్తుచేస్తుంది. శాంతినికేతన్‌లో చదివిన బెజవాడ గోపాలరెడ్డి రవీంద్రుని రచనలను నేరుగా బెంగాలీ నుంచి అనువదించడంతో ఆయన తెలుగు పాఠకులకు మరింత చేరువయ్యాడు.

నేటి స్టేషన్

2003 నుంచి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు కేంద్రం. 802 మీటర్ల ప్లాట్‌ఫాం దేశంలోని పొడవైనవాటిలో ఒకటి. కట్నీ వైపు బొగ్గు బండ్లు, హౌరా-ముంబయి మెయిళ్లు రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటాయి. రైలు మారడానికి ఆరు గంటలు ఆగవలసిన రోజులు చాలావరకు పోయినా, విశ్రాంతి గదుల్లో రోగులను వెంటబెట్టుకున్న కుటుంబాలు ఇప్పటికీ కనిపిస్తాయి. పెద్దాసుపత్రుల కోసం వారు వెళ్లే దిక్కు మాత్రమే మారింది.

స్టేషన్ అమృత్ భారత్ పథకం కింద పునర్నిర్మాణానికి ఎంపికైంది. పాత గోడలు కొత్త రూపు దాల్చే ఇటువంటి సందర్భాల్లో స్మారక ఫలకాలు ఎక్కడ తిరిగి వెలుస్తాయి, వాటి పక్కన ఏ వివరణ రాస్తారు అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. ‘ఫాంకి’ ఫలకం పక్కన రవీంద్రుడు భార్యతో ఇక్కడ ఆగాడన్న వాక్యం కంటే, ఆయన 1918లో ఈ స్టేషన్‌ను, ఇక్కడి విశ్రాంతి గది ఊడ్చే స్త్రీని తన కవితలోకి తీసుకున్నాడన్న వాక్యం నిజానికి దగ్గర. దానిని బెంగాలీ, హిందీలతో పాటు ఛత్తీస్‌గఢీలోనూ, రైల్వే కాలనీలు నిండిన తెలుగులోనూ రాయడానికి గోడ మీద చోటుకు కొరత లేదు.